తల చూసి కొన్న బేరం

ఆ మాంసం కొట్లో నియమాలు రెండే. రెండూ గోడ మీద రాసినవి కావు, వాళ్ల నాన్న ఒంటి మీద రాసినవి.

మొదటిది: ఎవరైనా "వేలు!" అని కేక వేస్తే గాల్లో ఉన్న కత్తి గాల్లోనే ఆగిపోవాలి. కత్తి పట్టుకున్నవాడు "ఎవరిది?" అని అడగాలి. జవాబు వచ్చేదాకా చెయ్యి కదలకూడదు. ఆ కేక ఎవరూ వెయ్యని ఒక రోజున నాన్న ఎడమచేతి చూపుడువేలు మొద్దు మీద ఎముక ముక్కల్లో కలిసిపోయింది. అప్పటినుంచీ ఆయన పిల్లలు ముగ్గురికీ నడక నేర్పినంత శ్రద్ధగా ఆ కేక నేర్పాడు. మరిచిపోయినప్పుడల్లా ఆ నాలుగువేళ్ల చేత్తోనే చెంప మీద గుర్తుచేసేవాడు.

రెండోది: కొట్టు ముందు ఏ మేక తల తగిలిస్తే లోపల ఆ మేక మాంసమే అమ్మాలి. గిరాకీ నమ్మేది తలని చూసే. పక్క వీధిలో ఒకడు లేతమేక తల తగిలించి ముసలి గొర్రెని అమ్ముతున్నాడని తెలిసిన రోజు, నాన్న వాడి కొట్లోకి వెళ్లి, వాడి ముక్కు వాడి మొద్దు మీదే చితక్కొట్టి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. ఆ ఇంట్లో కోపానికి పద్ధతి అదే. ముందు దెబ్బ, తరవాత భోజనం, ఇంకా ఓపికుంటే ఆలోచన.

నాన్న పోయాక కొట్టు ముగ్గురి చేతికీ వచ్చింది. పెద్దోడికి కత్తి, చిన్నోడికి సరుకు చేరవేసే వ్యాను, అక్కకి మిగతాదంతా. వీధి మొత్తానికీ ఆవిడ అక్కే. సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్లు ఆవిడ ఒక్క వేటుకి తొడ ఎముకని రెండు చెయ్యడం చూసి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. ఇప్పటికీ వస్తూనే ఉన్నారు, మాంసానికి.

అలాంటి మనిషి ఫోనులోకి ఒక కెప్టెన్ దిగాడు. తెల్ల యూనిఫారం, భుజాల మీద బంగారు చారలు, ఎడమ కనుబొమ కింద చిన్న పుట్టుమచ్చ. వేరేవాళ్లకి పంపబోయిన మెసేజీ పొరపాటున మీకొచ్చింది, క్షమించండి, కానీ మీ ఫోటోలో కళ్లు చూస్తే ఎంత దయగల మనిషో తెలుస్తోంది అని రాశాడు. అక్క తన ఫోటో ఉండాల్సిన చోట పెట్టుకున్నది ఒక మేకపిల్ల బొమ్మ. అనుమానం రావాల్సింది అప్పుడే. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వొచ్చి చాలా కాలమైంది కాబట్టి జవాబిచ్చింది.

తరవాత రోజూ అడిగేవాడు, "తిన్నావా?" అని. ఇల్లంతటికీ వండి పెట్టే మనిషికి "ఇంకా వడ్డించలేదా?" అన్న ప్రశ్నే గానీ ఇది కొత్త. వీడియోలో కనిపించమంటే ఓడలో సిగ్నలు లేదనేవాడు. మాటలకి మాత్రం ఆ సిగ్నలు సరిపోయేది. కొట్లో చల్లపెట్టె పాడైపోయి సరుకంతా కంపు కొడుతోందని రాస్తే, "నువ్వే నా ప్రపంచం" అని జవాబొచ్చేది. మన సంగతి ఇంట్లో చెప్పకు, వాళ్లకి అర్థం కాదు అనేవాడు. మేక కంట్లో నలకని వీధి చివరినుంచే కనిపెట్టే మనిషి ఇవన్నీ చూసింది. చూసి, ఒక్కొక్కదాన్నీ పక్కకి జరిపి, పుట్టుమచ్చని రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూసుకుంది. తల కనబడుతోంది కదా అనుకుంది. తల చూపించి మోసం చేసేవాడి ముక్కు ఏమవుతుందో ఆవిడకి తెలుసు కాబట్టి, ఎవరూ అంత తెగించరనుకుంది.

ఆ తరవాత ఒక పార్సిలు ఆవిడ పేర బయల్దేరింది, రేవులో చిక్కుకుపోయింది, విడిపించడానికి అమ్మ గాజులు వెళ్లిపోయాయి.

బయటపెట్టింది పెద్దోడి పెళ్లాం. పెట్టె తీసి, ఊపి చూసి, "వదినా, గాజుల డబ్బాకి జబ్బు చేసినట్టుందే. చిక్కిపోయింది" అంది.

అక్కకి అబద్ధం చెప్పే అలవాటు లేదు. "ఆయన ఓడ దిగగానే తెస్తాడు" అంది, కొంచెం గర్వంగా కూడా.

"ఏ ఆయన?" అన్నాడు పెద్దోడు.

ఇంకో రెండు నిమిషాల్లో బీరువా తలుపు వంగిపోయింది. పెద్దోడి పిడికిలి చర్మం ఊడి ఎర్రగా తేలింది. అదే చేత్తో అక్క చెయ్యి వెనక్కి మెలితిప్పి ఫోను లాక్కోబోయాడు. అక్క వాడి మణికట్టు పళ్లతో పట్టుకుంది. ఆవిడకి నలభై దాటాయి, కొరుకుడు మాత్రం చిన్నప్పటిదే. పెళ్లాం మధ్యలో దూరబోతే మోచెయ్యి తగిలి గోడకి కొట్టుకుంది. "మీ అక్కాతమ్ముళ్ల ప్రేమలో నన్ను కలపకండి బాబూ" అని ముక్కు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోయింది.

చివరికి ఫోను చిన్నోడి చేతిలో పడింది. వాడు కెప్టెన్ బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఫోను అక్కకి ఇచ్చేశాడు.

"వీణ్ణి నేను చూశానన్నయ్యా."

"ఏ ఓడలో?"

"ఓడేమిటి? మనం మాంసం వేసే హోటలు పక్కన. రోజూ చూస్తాను."

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం పెద్దోడు. ఆ హోటలు పక్కన ఏముంది, ఆ మనిషి అక్కడేం చేస్తాడు అని ఒక్క ముక్క అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ అయిపోయాక చిన్నోడు ఇంటికి ఫోను చేశాడు. "అక్కా, నీ కెప్టెన్ ఓడ దిగాడు. కొట్టుకి రా."

షట్టరు సగానికి దించి ఉంది. అక్క వంగి లోపలికి వెళ్లింది. నేలమీద రంపపు పొట్టులో ఒక మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. మేకని కట్టే తాడుతో చేతులు ముందుకి కట్టేసి ఉన్నాయి, తలకి మాంసం మూటగట్టే సంచి. చిన్నోడు సంచి లాగేశాడు.

అదే మొహం. అదే పుట్టుమచ్చ. అక్కకి ముందు తట్టింది కోపం కాదు. ఫోటోలోకంటే పొట్టిగా ఉన్నాడే అనుకుంది. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది. ఇన్ని నెలల మాటల్లో ఏ ఒక్కటైనా సరే, చాలు.

అతను వెలుగుకి కళ్లు చికిలించి ఆవిణ్ణి చూశాడు. "ఎవరండీ మీరు?" అన్నాడు.

పక్కనే తూకం పళ్లెం ఉంది, మందపాటి ఇనుము. అది ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆవిడకి తెలియదు. పళ్లెం అంచు మూతికి తగిలిన చప్పుడు మాత్రం తెలిసింది, పచ్చి ఎముక విరిగినట్టు. అతను పక్కకి ఒరిగాడు. తెల్లగా ఒకటి పొట్టులోకి ఎగిరిపడింది.

"తిన్నావా, తిన్నావా అని ప్రాణం తీసిన నోరేనా ఇది? ఎవరండీ మీరా!" అంది అక్క.

అక్క చెయ్యి లేచాక తమ్ముళ్లకి ఇంక అడ్డేముంది? పెద్దోడు బూటుతో డొక్కలో తన్నాడు. ఒకసారి, ఇంకోసారి, అతను ముడుచుకుపోతే విప్పడానికి మళ్లీ. చిన్నోడు జుట్టు పట్టి లేపి, చెవి మీద కొట్టి, "గాజులెక్కడ్రా?" అని అడిగి, జవాబు చెప్పే టైమివ్వకుండా మళ్లీ కొట్టాడు. రక్తం గడ్డం మీదుగా చొక్కామీదికి జారింది. కొక్కేలకి వేలాడుతున్న రెండు మేకలు ఆ ఊపుకి తగిలి మెల్లగా తిరుగుతున్నాయి.

"నేను కాదు, నేను కాదండీ" అన్నాడతను, ఊపిరి దొరికినప్పుడు. "ఆ మొహం నాదే. కానీ నేను కాదు."

"అబ్బ! మొహం వీడిదేనట, వీడు మాత్రం కాడట" అన్నాడు చిన్నోడు. "ఓడలో తత్వం కూడా నేర్పుతారు కాబోలు."

"ఓడ ఎక్కలేదండీ నేను. నాటకాలకీ ఫోటోలకీ దుస్తులు అద్దెకిస్తాను. కొత్తవి వస్తే నేనే తొడుక్కుని ఫోటో తీసి కొట్టు పేజీలో పెడతాను. కెప్టెన్, డాక్టరు, సైన్యం, అన్నీ. ఎవడో ఎత్తుకుపోయాడు. మీరు మొదటివాళ్లు కాదు. ఇదివరకు ఇద్దరొచ్చారు." నెత్తురు మింగాడు. "ఒకావిడ చెప్పు తీసుకొచ్చింది. ఇంకొకావిడ ఉంగరం తీసుకొచ్చింది, పెళ్లికి ముహూర్తం అడగడానికి. చెప్పుకంటే ఉంగరానికే ఎక్కువ భయపడ్డాను."

అక్క చేతిలో పళ్లెం కిందికి దిగింది. ఆ గొంతు వింటోంది ఆవిడ. కెప్టెన్ అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడేవాడు, బొంగురుగా, నిదానంగా. ఇది సన్నటి గొంతు. దెబ్బలు తిన్న గొంతు ఎలాగైనా మారుతుందిలే అనుకుందామని చూసింది. కుదరలేదు.

"కథలు బాగా చెప్తాడు. అందుకే పడిపోయింది మనక్క" అన్నాడు పెద్దోడు. అతని చేతుల కట్టు విప్పి, కాలరు పట్టి మొద్దు దగ్గరికి ఈడ్చాడు. చిన్నోడు ఆ మనిషి రెండు అరచేతులూ మొద్దుకి ఆనించి, వేళ్లు విడదీసి, మణికట్ల మీద బరువేసి నొక్కిపట్టాడు. పెద్దోడు గోడకున్న నరికే కత్తి తీశాడు.

"ఏ వేలితో కొట్టావురా మా అక్కకి ఆ మెసేజీలు? ఆ ఒక్కటీ ఇచ్చెయ్. మిగతావి నువ్వే ఉంచుకో."

అతను అరిచాడు. ఆ అరుపులో మాటల్లేవు.

"పెద్దోడా, ఆగు" అంది అక్క.

"నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడబట్టే గాజులు పోయాయి."

అప్పుడే ఆవిడ ఏప్రాన్ జేబులో ఫోను వణికింది. తీసి చూసింది. "తిన్నావా బంగారం?" అని ఉంది. దాని కింద మూడు చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. అవతల ఎవరో ఇంకా టైపు చేస్తున్నారు.

అక్క మొద్దువైపు చూసింది. పది వేళ్లూ అక్కడే ఉన్నాయి. చెక్క మీద పరిచి, గోళ్లు తెల్లబడి, వణుకుతూ. ఒక్కటీ దేన్నీ నొక్కడంలేదు. కత్తి పెద్దోడి చెవి దాటి పైకి లేచింది.

"వేలు!"

కత్తి గాల్లో ఆగిపోయింది. చిన్నోడు కాలిన పెనం ముట్టుకున్నట్టు చేతులు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. పెద్దోడి మొహం కోపంతో ఉబ్బిపోయి ఉంది, మెడ నరాలు లేచి ఉన్నాయి, ఆ చెయ్యి మాత్రం నాన్నది. కదల్లేదు.

"ఎవరిది?" అన్నాడు, అలవాటుగా.

"అతనిది. దించు."

"అక్కా, ఇది కొట్టు పని కాదు, మధ్యలో ఆ కేక..."

"కేక కేకే. ఎవరిదో చెప్పాను. దించు." ఫోను వాడి కళ్లముందు పెట్టింది. "నా కెప్టెన్ ఇప్పుడు టైపు చేస్తున్నాడు. వేళ్లన్నీ ఇక్కడున్నాయి. లెక్కపెట్టుకో."

పెద్దోడు చుక్కలు చూశాడు, వేళ్లు చూశాడు. "వీడికో తోడుదొంగ ఉన్నాడు. అంతే. తల వీడిది తగిలించారు కదా? తల ఎవరిదో జవాబు వాడే చెప్పాలి. నాన్న చెప్పలేదూ?"

"నాన్న వెళ్లి ఎవర్ని కొట్టాడు?"

"ఆ ముసలిగొర్రెవాణ్ణి."

"మరి మేక తలని తన్నలేదేం?"

పెద్దోడు కొక్కేలకున్న మేకలవైపు చూశాడు.

"కొట్టు ముందు వేలాడింది మేక తలే కదా? గిరాకీని మోసం చేసింది దాని మొహమే కదా? దాన్ని పట్టుకుని, నువ్వెందుకు వేలాడావే అని నాలుగు తన్నాడా నాన్న? దాన్ని కోసి తెచ్చి తగిలించినవాణ్ణి తన్నాడు. వీడు తలరా సన్నాసీ. వీణ్ణి కోసి ఎవడో తగిలించుకున్నాడు. మనం తలని తంతున్నాం, అరగంటనుంచీ."

కత్తి మెల్లగా కిందికి వచ్చింది. ఉరుమురిమి మంగలం మీద పడిందని వాడికి ఎవరైనా పుస్తకం చూసి చెప్తే అర్థమయ్యేది కాదు. మేక తలతో చెప్తే అయింది.

అక్క ఆ నంబరుకి ఫోను కలిపింది. స్పీకరు పెట్టింది.

"బంగారం!" బొంగురు గొంతు కొట్టంతా నిండింది. "సముద్రం అల్లకల్లోలంగా ఉంది, ఎక్కువసేపు మాట్లాడలేను. ఆ రెండో పార్సిలు సంగతి చూశావా?"

మొద్దుకి ఆనుకుని కూలబడ్డ మనిషి తన మొహానికి పెట్టిన గొంతుని మొదటిసారి విన్నాడు. చేత్తో తన మూతి తడుముకున్నాడు.

"చూస్తున్నా" అంది అక్క. "ముందొకటి చెప్పు. నీ పళ్లు ఎలా ఉన్నాయి?"

"పళ్లా?" నవ్వు. "ముత్యాల్లా ఉన్నాయి. నువ్వు తలుచుకుంటే చాలు..."

అక్క ఫోను తీసుకెళ్లి పగిలిన మూతి ముందు పెట్టింది. "మాట్లాడవయ్యా. నీ వస్తువే కదా."

అతను పెదవి తుడుచుకున్నాడు. పన్ను లేని సందులోంచి మాట ఈలగా వచ్చింది. "ఒరేయ్. నువ్వు తొడుక్కున్న మొహం నాదిరా. మా కొట్లో టోపీ పట్టుకెళ్లేవాడైనా చెప్పి పట్టుకెళ్తాడు. అద్దె కట్టి పట్టుకెళ్తాడు. నా మొహం నాకిచ్చెయ్."

సముద్రం నిశ్శబ్దమైపోయింది. తరవాత ఆ గొంతులోంచి బొంగురు దిగిపోయి, పని ముగించుకుంటున్న మామూలు మనిషి గొంతు మిగిలింది.

"ఆయన దొరికాడా? పాపం. ఈసారి ఎవరు కొట్టారు?"

ఫోను కట్టయింది. తెల్ల యూనిఫారం ఉన్న చోట బూడిదరంగు గుండ్రం మిగిలింది. తల తీసేసుకుని వెళ్లిపోయాడు.

పెద్దోడు కత్తిని రెండు చేతులతో ఎత్తి ఖాళీ మొద్దు మీద వేశాడు. సగం దిగింది. ఊడదీసి మళ్లీ వేశాడు. మళ్లీ. చెక్క పెళ్లలు లేచి కొక్కేల దాకా ఎగిరాయి. పిడి చీలి అరచేతిలో గుచ్చుకుంటే గానీ ఆగలేదు. కొట్టడానికి మొహంలేని శత్రువు ఆ కుటుంబానికి కొత్త.

అక్క చెంబుతో నీళ్లు, పాత గుడ్డ తెచ్చి అతని ముందు కూర్చుంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పుట్టుమచ్చ వాపులో మునిగిపోయింది. తుడుద్దామని ఆవిడ చెయ్యి మొహం దగ్గరికి వెళ్లగానే అతను తల చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. వెనకున్న మొద్దుకి కొట్టుకున్నాడు కూడా.

అక్క చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ మొహం తనవైపు ఎలా వంగుతుందో ఇన్ని నెలలూ ఊహించుకున్న మనిషి. గుడ్డ అతని ఒళ్లో పెట్టి, పొట్టులో వెతకడానికి వంగింది.

"నేను పోలీసుల దగ్గరికి వెళ్తాను" అన్నాడతను, గుడ్డలోకి.

"వెళ్తే కాళ్లు..." అని చిన్నోడు మొదలుపెట్టాడు.

"వెళ్దాం" అంది అక్క. "వ్యాను తాళాలు నాకివ్వు, నేను నడుపుతాను. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టు. నువ్వూ అన్నయ్యా వెనక, మేకల్ని వేసే చోట."

పోలీసు స్టేషన్లో బల్ల వెనక కూర్చున్నాయన నలుగుర్నీ చూసి పెన్ను మూత తీయడం మానేశాడు. ఒకడి మొహం పచ్చడి, ఒకడి అరచేతికి గుడ్డ, ఒకడి చొక్కానిండా ఇంకొకడి రక్తం. మధ్యలో ఏప్రాన్ కట్టుకున్న ఆవిడ.

"ఎవరికి ఏమైంది?"

"రెండు కంప్లైంట్లండీ" అంది అక్క. "ఒకటి నాది. ఒకటి నా మీద."

"ఈయన పన్నేమైంది?"

"మెట్లమీంచి పడ్డాడు సార్" అన్నారు తమ్ముళ్లిద్దరూ ఒకే గొంతుతో. ఆ కొట్టుకి మెట్లు లేవు.

అతను తెరిచి ఉన్న ఒక్క కంటితో అక్కని చూశాడు. సంచి తీసిన వెలుగులో పళ్లెం ఏ చేతిలోంచి వచ్చిందో అతను సరిగ్గా చూడనేలేదు. ఆ సంగతి అక్కకి తెలుసు.

జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్లమీద విప్పింది. లోపల రంపపు పొట్టు అంటుకున్న పన్ను.

"ఇది నేను చేసిందండీ. డొక్కలు మా తమ్ముళ్లవి. ముందు అవి రాసుకోండి. నా గాజుల సంగతీ, ఫోనులోవాడి సంగతీ తరవాత చెప్తాను."

"అక్కా!" అన్నాడు పెద్దోడు, మణికట్టు మీద నిన్నటి పంటిగాటు పట్టుకుని.

"నోర్మూసుకుని నిలబడు. మనది తల చూపించి అమ్మే వ్యాపారం."

పోలీసాయన పన్నుని పెన్నుతో అటూ ఇటూ దొర్లించాడు, నిట్టూర్చాడు, కాగితాలు ముందుకి లాక్కున్నాడు. తిన్నగా అక్కవైపు చూసి, కొంచెం జాలిగా, "కూర్చోండమ్మా. చాలాసేపు పడుతుంది. తిన్నారా?" అన్నాడు.

అక్క అతన్ని కింద బూట్ల దగ్గరనుంచి పైన టోపీ దాకా నిదానంగా చూసింది.

"ఎందుకడుగుతున్నారు?" అంది.